ఒక్క ఈతే కదా అనుకునే ముందు

ప్రశ్న: మాది విజయవాడ. మా ఇంట్లో రెండేళ్ల ఆడ ల్యాబ్రడార్ కుక్క (ల్యాబ్) ఉంది, పేరు హనీ. పిల్లలిద్దరికీ అదంటే ప్రాణం. మావారి ఆఫీసులో ఒకాయన దగ్గర మగ ల్యాబ్ ఉంది. ఈసారి హనీ ఎదకొచ్చినప్పుడు క్రాసింగ్ చేయిద్దామని, తనకు ఒక పిల్లనిస్తే చాలని ఆయన అడుగుతున్నారు. ఆడకుక్క ఒక్క ఈతైనా ఈనకపోతే గర్భసంచికి జబ్బు చేస్తుందని మా అత్తగారు అంటున్నారు. చుట్టాల్లో నలుగురు తమకు పిల్ల కావాలని ముందే చెప్పి పెట్టారు. మిగిలినవి అమ్మితే దాని ఖర్చులకైనా వస్తాయి కదా అనుకున్నాం. సలహా కోసం హైదరాబాద్‌లో కుక్కల్ని రెస్క్యూ చేసే ఒకమ్మాయికి ఫోన్ చేస్తే, "పుట్టించండి, ఏరుకోవడానికి మేమున్నాంగా" అని కోపంగా పెట్టేసింది. నేను హనీని కన్నబిడ్డలా చూసుకుంటాను. మాలాంటివాళ్లు ఒక్క ఈత వేయిస్తే ఎవరికి నష్టం? (పేరు రాయవద్దు.)

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట తీసుకుంటాను. చాలా ఇళ్లలో అసలు నిర్ణయం ఆ మాట దగ్గరే జరిగిపోతుంది. ఒక ఈత ఈనితే కుక్క ఆరోగ్యానికి మేలు జరుగుతుందన్నది అపోహే. ఆవిడ భయపడుతున్న జబ్బు మాత్రం నిజమైనదే. దాన్ని పయోమెట్రా అంటారు, గర్భసంచిలో చీము పట్టడం. ఎద అయిపోయిన నెలా రెండు నెలల్లో బయటపడుతుంది. కుక్క తిండి మానేస్తుంది, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతుంది, ఒక మూల పడుకుంటుంది. ఒక్కోసారి చీము బయటికి కారుతుంది. కారకుండా లోపలే ఉండిపోతే ఇంకా ప్రమాదం, చాలా తొందరగా ప్రాణం మీదికి వస్తుంది. ఇది ఈనిన కుక్కకూ వస్తుంది, ఈననిదానికీ వస్తుంది. దాన్ని ఆపేది గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషనే. మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ములో గడ్డల ముప్పు కూడా బాగా తగ్గుతుంది. హనీకి ఆ వయసు దాటింది కాబట్టి ఆ లాభం అంతగా ఉండకపోవచ్చు. చీము పట్టే జబ్బు నుంచి మాత్రం దాదాపు పూర్తి రక్షణ దొరుకుతుంది. అత్తగారికి ఈ మాట మీరు చెప్పేకంటే డాక్టరు దగ్గరికి ఆవిడను కూడా తీసుకెళ్లి ఆయన నోట వినిపించండి.

ఇక ఫోన్ పెట్టేసిన అమ్మాయి. ఆవిడ అలా మాట్లాడకుండా ఉండాల్సింది. సలహా అడిగినవాళ్లను కసిరితే వాళ్లు ఇంకెవరినీ అడగరు. కానీ ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో మీరు తెలుసుకోవాలి. నేను కూడా కొన్నేళ్లుగా, వదిలేసిన జాతి కుక్కలకు కొత్త ఇల్లు దొరికేదాకా మా ఇంట్లో చోటిస్తున్నాను. ఈ పనిలో ఉన్నవాళ్ల వాట్సాప్‌లో తెల్లారేసరికి వచ్చి పడే మెసేజీలు ఇలా ఉంటాయి: మాకు పాప పుట్టింది, ల్యాబ్‌ని ఎవరైనా తీసుకుంటారా? ఇంటి ఓనరు ఒప్పుకోవడం లేదు, ఆదివారంలోగా పంపించెయ్యాలి. వచ్చే నెల డల్లాస్ వెళ్లిపోతున్నాం, అర్జెంట్. సోఫా కొరికేసింది, ఎవరి మాటా వినడం లేదు, వయసు పది నెలలు.

ఆ పది నెలల వయసు చాలా మెసేజీల్లో కనబడుతుంది. ఒళ్లో పట్టిన పిల్ల ఆ వయసుకు పాతిక కిలోలు దాటుతుంది, ఆనందంతో మీదికి ఎగిరితే పెద్దవాళ్లు పడిపోతారు. ల్యాబ్ జాతిని తయారు చేసిందే వేటగాళ్ల వెంట రోజంతా నీళ్లలో, గడ్డిలో తిరిగి, నేలకూలిన పక్షుల్ని నోట కరుచుకుని తెచ్చివ్వడానికి. అలాంటి జీవాన్ని ఫ్లాట్‌లో పెట్టి పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు తిప్పితే సోఫా కొరకక ఏం చేస్తుంది? లాక్‌డౌన్‌లో ఇంట్లో ఖాళీగా ఉన్నామని తెచ్చుకుని, ఆఫీసులు తెరిచాక వదిలించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఈ కుక్కల్ని ఎక్కడ తెచ్చుకున్నారని అడిగితే కొందరు ఆన్‌లైన్‌లో ప్రకటన చూశామంటారు, కొందరు పెట్ షాపు అంటారు. "ఫ్రెండు వాళ్ల కుక్క ఈనింది, ఒకటిచ్చారు" అనే జవాబు కూడా తరచుగా వినబడుతుంది. ఆ ఫ్రెండు నంబరు తీసుకుని, మీ దగ్గర పుట్టిందే, రోడ్డున పడేలా ఉంది, కొన్నాళ్లు ఉంచుకుంటారా అని అడిగితే, అయ్యో మా దగ్గర చోటు లేదండీ అంటారు. వాళ్లూ మీలాగే కుక్కను ప్రేమించేవాళ్లే. పిల్లను ఇచ్చిన రోజుతో తమ పని అయిపోయిందనుకున్నారు, అంతే. మిగిలిన పన్నెండేళ్లు ఎవరు చూడాలి? మీ మీద కోప్పడిన ఆ అమ్మాయి లాంటివాళ్లు.

మా ఇంటికి వచ్చినవాటిలో ఒక ఆడ ల్యాబ్ గురించి మీకు చెప్పాలి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డులో దొరికింది. ఆరేడేళ్లుంటాయని డాక్టరు పళ్లు చూసి చెప్పారు. రొమ్ములు నేలను తాకేలా సాగిపోయి ఉన్నాయి. మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడి, చర్మం మందంగా, నల్లగా కాయలు కాసింది. ఏళ్ల తరబడి ఉత్త గచ్చు మీద పడుకుంటే అలా అవుతుంది. గోళ్లు పెరిగి వంకర తిరిగాయి, అంటే నడిపించినవాళ్లు లేరు. చెవులు వెనక్కి తిప్పితే లోపలంతా నల్లటి మురికి, చీము వాసన. మెట్లు ఎక్కడం దానికి తెలియదు. మొదటి మెట్టు ముందు నిలబడి కాలెత్తేది, ఒక్క క్షణం ఆలోచించి దించేసేది. దానికి బతుకంతా ఎదలు, కాన్పులు తప్ప వేరే ఏమీ లేదు. ఈతలు ఆగాక తిండి దండగని వదిలేశారు. ఆపరేషన్ కోసం పొట్ట తెరిస్తే గర్భసంచి నిండా చీము, రక్తపరీక్షలో గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్. ఆ బిల్లు కట్టింది దాని మీద సంపాదించినవాడు కాదు, ముక్కూమొహం తెలియని జనం వంద, రెండొందలు చందాలు వేసుకుని కట్టారు.

హనీని మీరు ఎప్పటికీ ఇలా చూడరు, నాకు తెలుసు. నా భయం హనీ గురించి కాదు, హనీకి పుట్టబోయే ఆడపిల్లల గురించి. మీరు ఇచ్చే పిల్ల మీ చుట్టం దగ్గర ఏడాది ఉంటుంది. వాళ్లు పెంచలేక తెలిసినవాళ్లకు ఇస్తారు, ఆ తెలిసినవాళ్లు "మంచి ఆడ ల్యాబ్, ఆపరేషన్ కాలేదు" అని ప్రకటన పెడతారు. అలాంటి ప్రకటన కోసమే ఎదురుచూసేవాళ్లున్నారు. సర్వీసు రోడ్డులో దొరికిన ఆ కుక్క కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎవరింట్లోనో ముద్దుగా పుట్టిన పిల్లే కదా.

చుట్టాల సంగతి కూడా చూద్దాం. ల్యాబ్‌కి ఒక ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు మామూలు, పది పుట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మగకుక్క ఆయనకు ఒకటి పోతుంది. మాట ఇచ్చిన నలుగురిలో ఒకరికి మగపిల్లే కావాలి. ఒకరికి నల్లది వద్దు. ఒకరింట్లో ఆవిడ ఒప్పుకోరు. ఇంకొకరు "పెళ్లిళ్ల సీజను, రెండు నెలలాగి తీసుకెళ్తాం" అంటారు. అప్పటికి పిల్లలకు మూడు నెలలు దాటి, ఇల్లంతా పరుగులు పెడుతూ, రోజుకు కిలోలకు కిలోలు తింటుంటాయి. ఎవరో ఒకరు తీసుకెళ్తే చాలు అనిపించే స్థితి వస్తుంది. తప్పుడు చేతుల్లో పడేది అప్పుడే.

అమ్మితే ఖర్చులు వస్తాయన్నారు. సరిగ్గా చేస్తే రావు. కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. స్కానింగు, చివర్లో పిల్లల లెక్క తెలియడానికి ఎక్స్‌రే, మంచి తిండి, అది మొదలు మాత్రమే. ఈనే ముందు రోజు ఒంటి వేడి 99 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పడిపోతుంది, అది కనిపెట్టాలంటే థర్మామీటరు పట్టుకుని కూర్చోవాలి. గట్టిగా ముక్కుతూ అరగంట దాటినా పిల్ల బయటికి రాలేదంటే ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు, ఆపరేషన్ అవసరం కావచ్చు. రాత్రి రెండింటికి ఫోనెత్తి క్లినిక్ తెరిచే డాక్టరు మీకున్నారా? తల్లి పాలివ్వకపోతే రెండు మూడు గంటలకోసారి సీసాతో పట్టాలి, రాత్రీ పగలూ. పాలిస్తున్న తల్లికి ఒంట్లో కాల్షియం పడిపోయి వణుకు, మూర్ఛ రావచ్చు. పిల్లలకు రెండు వారాల నుంచి నులిపురుగుల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా.

టీకా పూర్తయ్యేలోగా పార్వో అనే వైరస్ జబ్బు వస్తే? ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మీ చెప్పుల మీద ఇంట్లోకి వస్తుంది. పార్వో పట్టిన పిల్లల దగ్గర రాత్రంతా సెలైన్ పెట్టించి కూర్చున్నాను. రక్తపు విరేచనాల ఆ వాసన ఒకసారి తెలిస్తే జన్మలో మర్చిపోరు. ఒక పిల్లకు వస్తే మిగిలినవన్నీ వరసపెట్టి పడిపోతాయి. మీ పిల్లలకు పసికూనల్ని చూపించాలని మీరు అనుకుంటున్నారు, నాకు అర్థమవుతుంది. వాళ్లు చూడాల్సి వచ్చేది ఇది కూడా కావచ్చు.

ఆ మగ ల్యాబ్ గురించి మీవారిని ఒక్క ప్రశ్న అడగమనండి: దానికి తుంటి ఎక్స్‌రే తీయించారా? ల్యాబ్‌లలో తుంటి కీలు సరిగా కుదరని జబ్బు బాగా కనిపిస్తుంది, దాన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. చక్కగా పరుగెత్తే తల్లిదండ్రులకు కూడా ఈ జబ్బున్న పిల్లలు పుట్టొచ్చు. అందుకే బాధ్యత గల బ్రీడర్లు రెండేళ్లు నిండాక తుంటి, మోచేయి ఎక్స్‌రేలు తీయించి, బాగున్నాయని తేలితేనే కలుపుతారు. మరికొన్ని జబ్బులు పైకి అసలు కనపడవు. ల్యాబ్‌లలో కంటిచూపును మెల్లగా తినేసే పీఆర్ఏ ఉంది. కాస్త గట్టిగా పరుగెత్తితే వెనక కాళ్లు తేలిపోయి కుప్పకూలే ఈఐసీ ఉంది. ఆరోగ్యంగా కనిపించే తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటే, పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి జబ్బుతో పుడుతుంది. డీఎన్ఏ పరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. క్రాసింగ్ వల్లే అంటుకునేవి ఇంకా వేరే. కడుపు పోయేలా చేసే బ్రూసెల్లా అనే ఇన్ఫెక్షన్ ఉంది. కలిసినప్పుడు ఒక కుక్క నుంచి మరోదానికి పాకే టీవీటీ అనే గడ్డ ఉంది, మన దేశంలో అది చాలా కనిపిస్తుంది. ఈ పరీక్షల్లో ఒక్కటైనా చేయించారేమో ఆయన్ని కనుక్కోండి.

కేసీఐ పేపర్లున్నాయి కదా అని ఆయన అనవచ్చు. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ పత్రం కుక్క వంశం చెబుతుంది, దాని తుంటి గురించి, కళ్ల గురించి చెప్పదు. ప్రకటనల్లో కనిపించే "డబుల్ బోన్", "పంచ్ ఫేస్", "షో క్వాలిటీ" మాటలైతే అమ్మేవాళ్ల మాటలు. ఏ డాక్టరూ ఎముకలు డబుల్ ఉన్నాయని రాసివ్వడు. మనం మొహం చూసి ఎంచుకున్న ప్రతిసారీ కుక్క ఒళ్లు బలయింది. 2003లో హచ్ అనే సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లాడి వెంట నడిచిన పగ్ ఊరూరా ఎంత మోజు పుట్టించిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ చప్పిడి ముక్కుతో మన ఎండల్లో ఊపిరాడక ఎగశ్వాస పెట్టే పగ్‌లను ఆ తర్వాత రెస్క్యూ వాళ్లు ఎత్తుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు అదే కథ హస్కీలతో నడుస్తోంది. మంచులో బండి లాగే కుక్కను విజయవాడ మే నెలలో పెంచుతున్నారు.

చట్టం కూడా మీరు అనుకున్నదానికంటే గట్టిగానే ఉంది. 2017లో కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం పిల్లల్ని అమ్మకం కోసం పుట్టించేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. 18 నెలలు నిండని కుక్కను, ఎనిమిదేళ్లు దాటినదాన్ని కలపకూడదు. ఏడాదికి ఒక ఈతకు మించకూడదు, జీవితంలో ఐదుకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమలు ఎంత బలహీనంగా ఉందో నాకు తెలుసు. నెల పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతూనే ఉన్నారు. కుక్కను తిండీ నీళ్లూ దొరకని చోట వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే, కానీ ఆ చట్టంలో మొదటి తప్పుకు రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. భయపడేవాడెవడు? అందుకే ఈ విషయంలో చట్టం కంటే మీలాంటి ఇళ్లు తీసుకునే నిర్ణయానికే బలం ఎక్కువ.

బ్రీడర్లంతా చెడ్డవాళ్లని నేను అనను. ఈ పనిని ఒక జాతి మీద ప్రేమతో, నష్టానికి చేసేవాళ్లున్నారు. వాళ్లు క్రాసింగ్‌కి ముందే తీసుకునేవాళ్ల జాబితా రాసుకుంటారు. ఇల్లు చూసిగానీ పిల్లనివ్వరు. తల్లిని చూపిస్తారు, రిపోర్టులు చేతిలో పెడతారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ కారణం వల్లనైనా పెంచలేకపోతే కుక్క తిరిగి తమ దగ్గరికే రావాలని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటారు. అమెరికాలో, బ్రిటన్‌లో చాలా జాతుల క్లబ్బులు తమ జాతి కుక్కల కోసం సొంతంగా రెస్క్యూ నడుపుతాయి. మన దగ్గర అలాంటి ఏర్పాటు దాదాపు లేదు. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి సంస్థల చేతుల్లో గాయపడ్డ వీధి జంతువులే తీరనన్ని ఉంటాయి. బెంగళూరులో క్యూపా అనే జంతు సంక్షేమ సంస్థ, జనం వదిలేసిన జాతి కుక్కల కోసం విడిగా ఒక దత్తత కేంద్రమే పెట్టాల్సి వచ్చింది. కెన్నెల్‌లో ఒక ల్యాబ్ చేరిందంటే, ఆ రోజు బండి కింద పడి కాలు విరిగిన వీధికుక్కకు చోటు లేనట్టే. మీరు "ఎవరికి నష్టం" అని అడిగారు కదా, ఆ నష్టం భరించేవాళ్లలో ఆ వీధికుక్క కూడా ఉంది.

కాబట్టి మీరిద్దరూ కూర్చుని ఆలోచించాల్సింది ఒక్కటే. హనీకి ఎనిమిది పిల్లలు పుడితే, వాటిలో ఏదైనా, ఆరేళ్ల తర్వాతైనా, జబ్బుతోనైనా, కరిచే అలవాటుతోనైనా తిరిగొస్తే మీ ఇంట్లో చోటుంటుందా? ఉంటుందని గట్టిగా చెప్పలేకపోతే ఈ ఈత వద్దు. నా సలహా అదే, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఆఫీసాయనకు కారణాలన్నీ చెప్పాల్సిన పనిలేదు, డాక్టరు వద్దన్నారు, ఆపరేషన్ చేయిస్తున్నాం అంటే చాలు. చుట్టాలు నలుగురికీ మాత్రం ఒక మాట చెప్పండి: ఏడాది, రెండేళ్ల ల్యాబ్‌లు, పసితనం దాటి మలమూత్రాల అలవాటు కుదిరినవి, ఇళ్లు లేక ఎదురుచూస్తున్నాయి, కావాలంటే చూపిస్తాం అని. వాళ్లకు నిజంగా కుక్క కావాలో, పసిపిల్ల ముచ్చటే కావాలో అప్పుడు తేలిపోతుంది. మీ పిల్లలకు కుక్కపిల్లల్ని పెంచిన అనుభవం కావాలంటే, తల్లి చచ్చిపోయిన వీధి పిల్లలు ప్రతి వానాకాలం రెస్క్యూ వాళ్ల చేతుల్లో ఉంటాయి. ఇల్లు దొరికేదాకా వాటిని మీ దగ్గర ఉంచుకోండి. హనీ టీకాలు పూర్తయి ఉండాలి, మొదటి రెండు వారాలు వాటిని విడిగా వేరే గదిలో ఉంచాలి. సీసా పట్టడం, తూకం వేయడం, టీకా తేదీలు రాయడం మీ పెద్దబ్బాయికో అమ్మాయికో అప్పగించండి.

ఇక ఆపరేషన్. హనీ పోయినసారి ఎప్పుడు ఎదకొచ్చిందో తేదీ రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎద అయిపోయాక రెండు మూడు నెలలకు చేయించడం మంచిది, అప్పుడు రక్తస్రావం ముప్పు తక్కువ. ఈలోగా మళ్లీ ఎదకొస్తే సుమారు మూడు వారాలు జాగ్రత్తగా ఉండాలి. రక్తం మరక పల్చబడిందంటే అయిపోయిందనుకోకండి, చూలు కట్టే రోజులు సరిగ్గా అవే. ఆ మూడు వారాలూ మేడ మీద ఒంటరిగా వదలొద్దు, గేటు తీసేటప్పుడు బెల్టు చేతిలో ఉండాలి. ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్ష తప్పకుండా చేయించండి, ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో చూడమనండి. మన ప్రాంతంలో టిక్ ఫీవర్ పైకి తెలియకుండా ఉంటుంది, అది ఉంటే ముందు మందులు వాడాకే కత్తి పెట్టాలి. ముందు రోజు రాత్రి నుంచి తిండి పెట్టొద్దు, నీళ్ల గురించి డాక్టరు చెప్పినట్టు చేయండి. తర్వాత పది పదిహేను రోజులు కుట్లు నాకకుండా మెడకు కోన్ వేసి ఉంచాలి, మెట్లు, గెంతులు వద్దు. కుట్లు మానాక తిండి కొంచెం తగ్గించండి. ల్యాబ్‌లు ఆపరేషన్ తర్వాత తొందరగా ఒళ్లు చేస్తాయి, ఆ బరువంతా తుంటి మీదే పడుతుంది. నెలకోసారి తూకం చూసి రాసుకోండి.